వెదురు గొట్టంలో వెళ్లిన కబురు

ఒక రాజ్యంలో ఆ ఏడాది కొత్త పద్ధతి వచ్చింది. పరుగెత్తి కబురు చెప్పే మనుషుల బదులు నదే కబురు మోస్తుంది. ఎగువన ఆనకట్ట దగ్గర ఒకడు తాడుకు ముడులు వేసి, వెదురు గొట్టంలో కూరి, నీళ్లలో వదులుతాడు. దిగువన కాలువ తలుపుల కాపరి గొట్టం పట్టుకుని, తాడు లాగి, ముడులు లెక్కపెడతాడు. మొదటి ముడులు ఎన్ని తలుపులో చెబుతాయి, తరువాతివి ఎన్ని మూరలు ఎత్తాలో చెబుతాయి.

మొదటి వరదకే కొంప మునిగింది. రెండు తలుపులు ఐదు మూరలు ఎత్తమంటే, కాపరి ఐదు తలుపులు రెండు మూరలు ఎత్తాడు. పల్లపు చేలన్నీ నీళ్లపాలయ్యాయి. ఊళ్లోవాళ్లు కాపరి భార్యను బావి దగ్గరికి కూడా రానివ్వలేదు.

రాజు ముడులవాణ్ణీ కాపరినీ సభకు పిలిపించాడు. ముడులవాడు తాడు అందించాడు, కాపరి చదివాడు. పదిసార్లూ సరిగ్గానే చదివాడు.

"ఇక్కడ తప్పనివాడు అక్కడ తప్పాడంటే అది నిర్లక్ష్యమే. రేపటికల్లా పెళ్లాంబిడ్డలతో రాజ్యం విడిచి పో," అన్నాడు రాజు.

ఆ కొలువులో తప్పులు వెతికే ఆమె ఒకతె ఉండేది. ఆ పనికి మెప్పు తక్కువ, తిట్లు ఎక్కువ. ఆమె లేచింది.

"ప్రభూ, గొట్టం తెప్పించండి."

"పది అడుగుల దూరానికి గొట్టమెందుకమ్మా?" అని మంత్రి నవ్వాడు.

"దూరం సంగతి కాదు, దారి సంగతి. అక్కడ తాడు చేతిలోంచి చేతిలోకి వెళ్లలేదు కదా!"

గొట్టం వచ్చింది. ముడులవాడు తాడు కూరాడు. కాపరి లాగాడు. ఆఖరున దూరిన కొస ముందుగా అతని చేతికొచ్చింది. "ఐదు తలుపులు, రెండు మూరలు," అని చదివి అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆమె ఎవర్నీ ఒక్క మాట అనలేదు. తాడు మొదటి కొసకు ఎర్రదారం కట్టి, "ఇటునుంచి చదువు నాయనా," అంది. మరొకరైతే అంతటితో చేతులు దులుపుకునేవారు. ఆమె గొట్టాన్ని నీళ్లతొట్టిలో ముంచింది, దొర్లించింది, తలకిందులు చేసింది, మళ్లీ మళ్లీ చదివించింది. ప్రతిసారీ రెండు తలుపులు, ఐదు మూరలే వచ్చింది. అంత ఓపిక ఉన్న మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

రాజు తల దించుకున్నాడు. "తప్పు కాపరిది కాదు, మాది. పల్లపు ఊళ్లో అలాగే చాటండి," అన్నాడు.

మంత్రి ఆ మాట దళవాయికి చెప్పాడు. దళవాయి దండోరావాడికి చెప్పాడు. కాసేపటికి కోట గుమ్మం దగ్గర డప్పు మోగింది.

"కాపరి చేసిన తప్పును ప్రభువులవారు పెద్ద మనసుతో మన్నించారహో!"

రాజు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆమె తొట్టి పక్కనున్న వెదురు గొట్టాన్ని చూపించింది.

రాజు సింహాసనం దిగాడు. కాపరి చెయ్యి పట్టుకుని, పల్లకీ కూడా పిలవకుండా, మునిగిన చేల వైపు నడిచాడు.