అచ్చాయమ్మగారి తిట్టు

వరాహమూర్తికి అచ్చాయమ్మగారితో ఒకటే పేచీ. ఆవిడ తిడుతుంది.

గోదారి లంకలో ఆవిడ ఆశ్రమమంటే ఏముంది, నాలుగు తాటాకు పాకలు, ఓ పెద్ద పొయ్యి. ఉపన్యాసాలు లేవు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే అన్నం పెట్టేది, ఉండిపోతే పని చెప్పేది, పని చెప్పేటప్పుడు "నీ దుంపతెగ" అనేది. వంట చూసే గౌరునాయుడికైతే ఆ మాట పడకపోతే తెల్లారినట్టే ఉండేది కాదు.

మూర్తి అలా కాదు. తెలుగు పండితుడు. నా అన్నవాళ్లెవరూ లేక, బళ్లో ఉద్యోగం వదిలేసి, తల్లీ గురువూ ఈవిడే అనుకుని వచ్చి పడ్డాడు. ఓనాడు అతను చారు కాచిన పూట ఊరి పెద్దలు భోజనానికి కూర్చుంటే, వాళ్లందరి ముందూ, "ఒరేయ్ మూర్తీ, నీ దుంపతెగ, చారులో ఉప్పేదిరా?" అనేసింది. పెద్దలు నవ్వారు. మూర్తి మొహం కందగడ్డయింది.

మర్నాడే రేవు దాటి పట్నం వెళ్లాడు. నిఘంటువులు తిరగేశాడు, తెలిసినవాళ్లనల్లా అడిగాడు. దుంప అంటే వంశానికి వేరు, అది తెగిపోవాలనే శాపం అన్నారొకరు. కాదు కాదు, పైకి అనలేని ఓ పచ్చి బూతుకి వేసిన ముసుగది, పాముని పురుగు అన్నట్టే, అన్నారింకొకరు. "కంద నాటేవాళ్ల మాటయ్యా అది. దుంప తెగ్గోసి పాతితేనే గదా మొక్కలొచ్చేది! దీవెన," అన్నాడు పుస్తకాల కొట్టాయన. ఎవరికి వారే ఘంటాపథంగా చెప్పారు. ఒకరి మాటకీ ఒకరి మాటకీ పొంతన లేదు.

మూర్తికి మాత్రం మొదటిదే నచ్చింది. కోపంలో ఉన్నవాడికి శాపమే నచ్చుతుంది మరి!

తిరిగొచ్చి, విన్నదంతా ఆవిడ ముందు ఏకరువు పెట్టాడు. "ఎవరెన్ని చెప్పినా దాని పుట్టుక మంచిది కాదమ్మా. నన్నలా పిలవకండి," అన్నాడు.

ఆవిడ చింతపండు పిసుకుతోంది. తలెత్తి చూసింది.

"అలాగేనండీ," అంది.

ఆ "అండీ" మొదట్లో తియ్యగానే ఉంది. భోజనాల దగ్గర మూర్తికి పీట వేయించింది. విస్తరి తియ్యబోతే, "అయ్యయ్యో, అతిథులు ఎంగిలాకు ఎత్తకూడదండీ," అంది. నీళ్లు తోడబోతే చేతిలో చేద లాగేసుకుంది. పక్కనే గౌరునాయుణ్ణి దుంపతెగ అంటూనే, వద్దన్నా వినకుండా వాడి అన్నంలో ఇంత నెయ్యి కుమ్మరించేది. మూర్తినైతే, "నెయ్యి వెయ్యమంటారాండీ?" అని అడిగేది. ఏం చెబుతాడు? చాలండీ అనేవాడు.

పని లేదు, తిట్టు లేదు. పీట మీద కూర్చుని కూర్చుని అతనికి భయం పట్టుకుంది. అతిథి అన్నవాడు ఎప్పటికైనా వెళ్లాల్సినవాడే గదా. వెళ్తే ఎక్కడికి?

ఇంతలో ముసురు పట్టింది. మూర్తికి జ్వరం తగిలింది. ఆశ్రమంలో ఎవరికి ఒళ్లు కాలినా ఆవిడే గిన్నె పట్టుకొచ్చి, తిట్లు లంకించుకుని, పక్కన కూర్చుని కషాయం పట్టించేది. ఈసారి గౌరునాయుడొచ్చాడు గిన్నెతో.

"ఇబ్బంది లేకపోతే పుచ్చుకోమన్నారండీ అమ్మగారు," అన్నాడు, నవ్వాపుకుంటూ.

మూర్తి ఆ గిన్నె పట్టుకుని, దుప్పటి కప్పుకుని, వానలోనే వంటపాకకి వెళ్లాడు.

"అమ్మా, నన్ను తిట్టు," అన్నాడు.

"ఏమని తిట్టమంటారండీ? ఆ మాట సంగతి పట్నంలో ఇంకా తేలలేదన్నారుగా."

"తేలకపోతే పోనీ. నువ్విలా అండీ అంటుంటే నన్ను ఇంట్లోంచి గెంటేసినట్టుందమ్మా!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు, అంత పండితుడూ.

ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. కొంగుతో అతని తల తుడిచింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. గిన్నె అందుకుని, అతని ముక్కు మూసి, కషాయం నోట్లో పోసింది. మిరియాల ఘాటుకి ఉక్కిరిబిక్కిరవుతూనే మూర్తి ఏదో అడగబోయాడు.

"పుట్టుపూర్వోత్తరాలు తర్వాత చూసుకుందువుగాని," అంది అచ్చాయమ్మగారు. "ముందు మింగరా."