ముంగిస నోరు విప్పిన సాయంత్రం

పిల్లలూ, ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పండి. పదిమంది కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఒకరు మాత్రం రోజూ వచ్చి, ఓ మూల కూర్చుని, అంతా విని, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోతారు. వాళ్ళు ఆ గుంపులో ఉన్నట్టా, లేనట్టా?

"ఉన్నట్టే! వింటున్నారుగా!" అంటున్నాడు హవిష్.

లహరి ఏమీ అనడం లేదు. అనదు కూడా. ఫోనులో రంగుచేపలు పెంచేవాళ్ళ గుంపు ఒకటుంది. అందులో వచ్చేదంతా వదలకుండా చదువుతుంది. ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. ఎందుకే అని అడిగితే, "వాళ్ళంతా ఏళ్ళ తరబడి పెంచుతున్నవాళ్ళు అమ్మమ్మా. మధ్యలో నేనేదో రాస్తే నవ్వుతారు" అంటుంది.

సరే, ముందు కథ వినండి. వింటూ ఊఁ కొట్టాలి. చెప్పేవాళ్ళకు ఊఁ అనే మాటే ఊపిరి.

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, వాగు పక్కన, ఒక చదును బండ. రోజూ పొద్దు వాలేవేళకు అక్కడ పాదులు పెంచే జంతువులు చేరేవి. అడవిలో తిండికి లోటేమీ లేదు. ఇది కేవలం ముచ్చట. ఒకరు బీర పెంచితే ఒకరు దోస పెంచేవారు. అందరికీ ఎక్కువ ఇష్టమైంది మాత్రం గుమ్మడి.

బండ మీద పెద్ద గొంతు ఎలుగుబంటిది. అందరూ ఎలుగు తాత అనేవారు. ఆయన పాదుకు కాసినన్ని గుమ్మడికాయలు ఎవరి పాదుకూ కాయలేదు. ఆయన పక్కనే ముళ్ళపంది. అందరికీ మావయ్య. మాటల్లో కూడా ముళ్ళే.

బండకు కాస్త ఎడంగా ఒక వాక్కాయ పొద ఉంది. ఆ పొదలో ఒక ముంగిస దాక్కుని రోజూ వినేది. దాని పేరు తుర్రి.

ముంగిస అంటే ఏమిటో తెలుసుగా? నాగుపాము పడగ విప్పి బుస్సుమన్నా వెనక్కి తగ్గదు. అలాంటి తుర్రికి నలుగురిలో నోరు విప్పాలంటే మాత్రం ఎక్కడలేని భయం.

తుర్రి దగ్గర ఒకే ఒక గుమ్మడి పాదు ఉంది. అది మామూలు గుమ్మడి కాదు. వాళ్ళమ్మ ఎక్కడో కొండ మీద నుంచి తెచ్చుకున్న రకం. కాయ చిన్నది, లోపల గుజ్జు బెల్లమంత తీపి. అమ్మ పోయాక ఆ గింజలను చెదలు తినేశాయి. మిగిలింది ఒకే గింజ. తుర్రి దాన్నే నాటింది. పాదుకు ఒక్క కాయ కాసినా చాలు, గుప్పెళ్ళకొద్దీ గింజలు వస్తాయి. కాయకపోతే అమ్మ గుమ్మడి అడవిలో ఇక ఉండదు.

ఊఁ అనండి మరి. ఆఁ, అలా!

ఒకనాడు బండ మీద ఎలుగు తాత చెప్పాడు. "వినండర్రా! గుమ్మడికి ఆకు తినే పురుగు పడుతుంది. వేపగింజలు నూరి నీళ్ళలో కలపండి. లేవగానే పాదు దగ్గరికి వెళ్ళి, ఆకులు తడిసేలా చల్లండి. పురుగు పరారు!"

తుర్రి ఆ మాట పట్టుకుంది. మర్నాడు తెల్లారగానే లేచి, వేపగింజల కషాయం ఆకుల మీదా పువ్వుల మీదా చల్లింది. పురుగు నిజంగానే పోయింది. పాదు పచ్చగా పాకింది. ఒక పువ్వు కింద బఠాణీ గింజంత పిందె కూడా వచ్చింది. తుర్రి సంతోషం చెప్పలేం.

నాలుగు రోజులు గడిచాయి. పిందె పసుపురంగుకు తిరిగి, మెత్తబడి, రాలిపోయింది.

ఆ సాయంత్రం తుర్రి అడుగుదామనే పొదలోకి వచ్చింది. కానీ మనసులో అనుకుంది, "ఇంతమంది ఉన్నారు. ఎవరికో ఒకరికి ఇలాగే అయ్యుంటుంది. వాళ్ళు అడుగుతారులే, నేను వింటాను." బండ మీద దోసకాయల గురించి మాట్లాడుకున్నారు. బీర పందిరి గురించి మాట్లాడుకున్నారు. రాలిన పిందె సంగతి ఎవరూ ఎత్తలేదు.

తుర్రి ఇంటికి పోయి తనకు తానే జవాబు చెప్పుకుంది. "కషాయం చాలలేదేమో!" రెండింతలు చల్లడం మొదలుపెట్టింది.

రెండో పిందె వచ్చింది. అదీ పసుపురంగుకు తిరిగింది. అదీ రాలింది.

ఈసారి తుర్రి పొదలోంచి తల బయటికి పెట్టింది. నోరు కూడా తెరిచింది. సరిగ్గా అప్పుడే ముళ్ళపంది మావయ్య అన్నాడు, "కొందరుంటారు తాతా. గింజ నాటడం రాదు, పాదు కట్టడం రాదు, కాయ మాత్రం కావాలి!"

అది తుర్రిని అన్న మాట కాదు. తుర్రి అక్కడ ఉన్నట్టే ఆయనకు తెలియదు. అయినా ఆ ముల్లు తుర్రికే గుచ్చుకుంది. తల లోపలికి పోయింది. మర్నాటి నుంచి కషాయం మూడింతలు.

ఈలోగా వానలు వెనకబట్టాయి. తీగ చివరలు ఎండడం మొదలైంది. పాదుకు ఇంకొక్క ఆడమొగ్గ మిగిలింది. అదే ఆఖరిది. ఆ మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా, సాయంత్రం తుర్రి పొదలోకి చేరింది.

ఆరోజు ఎలుగు తాత మొహం వాడిపోయి ఉంది. "ఒరేయ్ మావయ్యా, రేపటి నుంచి నేను రాను" అన్నాడు.

"అదేంటి తాతా! ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు దుక్కలా ఉంది. మనసే బాగాలేదు. ఇన్నాళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. మిగతావాళ్ళది ఎవరి బీర, దోస గోల వాళ్ళది. నా మాటకు నువ్వు తప్ప ఊఁ అన్నవాళ్ళు లేరు. నేను చెప్పింది ఒక్కరికైనా పనికొచ్చిందో లేదో తెలియదు. బండతో మాట్లాడుకోవడానికి ఇంత దూరం నడిచి రావాలా?"

ఏరా హవిష్, చూశావా? పొదలో కూర్చున్నవాళ్ళు తాత లెక్కలో లేనట్టే!

తాత వెళ్ళిపోతే అడిగే చోటు ఉండదు. రేపు పోతే పువ్వు ఉండదు. నవ్వితే నవ్వారు అనుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని తుర్రి అరిచింది.

"తాతా! నా పిందెలు రాలిపోతున్నాయి!"

"ఎవరది? పొద మాట్లాడిందేంటి?" అన్నాడు మావయ్య.

తుర్రి మెల్లగా బయటికి వచ్చింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ముంగిసవా! తాచుపామును చూసి కూడా పరుగెత్తనిదానివి, మమ్మల్ని చూసి దాక్కున్నావా?"

"పాము కాటేస్తుంది మావా. నవ్వదు కదా!" అంది తుర్రి.

ఎలుగు తాత పొట్ట ఊగేలా నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదని తుర్రికి తెలుస్తూనే ఉంది.

అంతలో పొద మళ్ళీ కదిలింది. "తాతా, నా పిందెలూ రాలిపోయాయి!" అంటూ ఉడుత దూకింది. "నావీ అంతే!" అంటూ గడ్డిలోంచి కౌజుపిట్ట లేచింది. తుర్రి తెల్లబోయింది. ఇన్నాళ్ళూ ముగ్గురూ మూరెడు దూరంలో కూర్చుని, ఎవరి బాధ వాళ్ళే మింగుతున్నారన్నమాట!

"ముగ్గురికీ చేతకాలేదన్నమాట" అన్నాడు మావయ్య, అలవాటు కొద్దీ.

"ఆగవయ్యా. ఒకరి పిందె రాలితే ఆ చేతిలో తప్పుండొచ్చు. ముగ్గురివీ రాలాయంటే చెప్పిన మాటలోనే ఏదో తప్పుంది. అమ్మాయ్, నువ్వేం చేశావో మొదటి నుంచి చెప్పు" అన్నాడు తాత.

"మీరు చెప్పినట్టే తాతా. లేవగానే కషాయం చల్లాను. తెల్లారగానే, పువ్వు విచ్చుకునే వేళకు." "మేమూ తెల్లారగానే చల్లాం" అన్నాయి ఉడుత, కౌజుపిట్ట.

ఎలుగు తాత గోళ్ళతో బుర్ర గోక్కున్నాడు. "తెల్లారా? తెల్లారేసరికి నేను గుర్రుపెట్టి నిద్రపోతుంటాను కదమ్మా! నేను లేచేదే ఈ వేళకు. లేచి, కషాయం చల్లి, ఇటు వస్తాను."

"నేనూ అంతే. పగలు నాకు కళ్ళే తెరుచుకోవు" అన్నాడు మావయ్య.

"మరి పువ్వు విచ్చుకోవడం మీరు చూడలేదా?" అంది కౌజుపిట్ట.

"నేను చూసేసరికి ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది" అన్నాడు తాత చిన్నగా. అన్ని గుమ్మడికాయలు కాయించిన తాత, గుమ్మడిపువ్వు మొహం ఒక్కసారి కూడా చూడలేదు!

ఉడుత తోక ఆడించింది. "పొద్దున్నే విచ్చుకుంటుంది తాతా. ఇదివరకు నా పాదుకు తేనెటీగలు వచ్చేవి. మగపువ్వులో దూరేవి, ఆడపువ్వులో దూరేవి. ఈమధ్య రావడం లేదు."

"నా పాదుకూ రావడం లేదు" అంది కౌజుపిట్ట.

ఎలుగు తాత దిగ్గున లేచాడు. "వేప వాసన! ఆ వాసనంటే తేనెటీగకు గిట్టదు. తేనెటీగల సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఈ ముక్కు నిండా వాటి కుట్లే! నేను చల్లేవేళకు వాటి పని అయిపోతుంది, మర్నాటికి వాసనా పోతుంది. మీరు చల్లింది అవి వచ్చే వేళకు!"

చూశారా పిల్లలూ, తాతకు తేనెటీగ తెలుసు, పువ్వు తెలియదు. ఉడుతకు పువ్వు తెలుసు, వేప సంగతి తెలియదు. తుర్రి అడగకపోతే ఈ రెండు ముక్కలూ ఎప్పటికీ కలిసేవి కాదు.

"తాతా, నా ఆఖరి మొగ్గ రేపే విచ్చుకుంటుంది. నేను మూడింతలు చల్లి ఉన్నాను" అంది తుర్రి. అమ్మ గుమ్మడి సంగతంతా అప్పుడు చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. తాత సొరబుర్రతో వాగునీళ్ళు మోశాడు. ఉడుత, కౌజుపిట్ట ఆకు ఆకూ కడిగాయి. మావయ్య ఒళ్ళు ముడుచుకుని, ఏ తీగా తెగకుండా పాదు చుట్టూ తిరుగుతూ, "ఇక్కడ ఇంకా వాసనుంది, ఇక్కడ కూడా" అంటూ చూపించాడు.

తెల్లవారింది. తాత నిద్ర ఆపుకుని కూర్చున్నాడు. పసుపుపచ్చ పువ్వు మెల్లగా విచ్చుకుంది. "అబ్బ, ఎంత బాగుందే!" అన్నాడు తాత.

ఒక తేనెటీగ వచ్చింది. పువ్వు చుట్టూ తిరిగింది. ఇంకా ఏదో వాసన తగిలినట్టుంది, వెళ్ళిపోయింది. ఎండ ఎక్కుతోంది. ఎండ ముదిరితే పువ్వు ముడుచుకుంటుంది. అందరూ తాత వైపు చూశారు. తాత, "నాకు తెలియదర్రా" అన్నాడు.

అప్పుడు తుర్రి అంది, "తేనెటీగ చేసే పనేమిటి? మగపువ్వులోని పుప్పొడి ఒంటికి పూసుకుని ఆడపువ్వుకు అంటిస్తుంది, అలా అంటితేనే పిందె నిలుస్తుంది. ఆ పుప్పొడి నా తోకకు అంటదా?"

నిన్నటిదాకా ఇలాంటి మాట లోపలే నొక్కేసేది. ఇప్పుడు గట్టిగానే అంది.

"చెయ్యి! చేసి చూడు!" అన్నారు అందరూ.

తుర్రి తోక చివరను మగపువ్వులో తిప్పింది. కుచ్చు పసుపుపచ్చగా అయింది. దాన్ని ఆడపువ్వు మధ్యలో సుతారంగా అద్దింది. కాసేపటికి పువ్వు ముడుచుకుంది.

ఆ తర్వాత రోజూ అందరూ వచ్చి చూసి పోయేవారు. పిందె పసుపురంగుకు తిరగలేదు. పచ్చగా నిలబడింది. నిమ్మకాయంత అయింది. బత్తాయంత అయింది. తీగ ఎండేనాటికి చక్కగా పండిన గుమ్మడికాయ అయింది.

తుర్రి దాన్ని దొర్లించుకుంటూ బండ మీదికి తెచ్చింది. తాత దాన్ని పగలగొట్టాడు. గుజ్జు అందరూ తిన్నారు. మావయ్య మూతి తుడుచుకుని, "ఆమధ్య నేనన్న మాట నీకు గుచ్చుకుందట కదే. నా ఒంటికే కాదు, నోటికీ ముళ్ళే. పట్టించుకోకు" అన్నాడు. తుర్రి ఆయన దోసిట్లో గింజలు పోసింది. తాతకు పోసింది. ఉడుతకు, కౌజుపిట్టకు పోసింది. మరుసటి వానలకు అమ్మ గుమ్మడి ఒక్క పాదుగా కాదు, అయిదు పాదులుగా పాకింది. ఒకరి పాదు చెడినా, గింజ మరొకరి దగ్గర ఉంటుంది.

అంతేరా పిల్లలూ, కథ అయిపోయింది. కథలో నీతిని నల్లబల్ల మీద రాసినట్టు ఈ కాగితం మీద రాసి పెడుతున్నాను, చదువుకోండి. చింతపండు పిక్కలు తీయడం సగంలో వదిలేసి వచ్చాను. చేట నిండా అలాగే ఉంది. ఎండ పోయేలోపు మిగతాది కూడా తీసి జాడీకి ఎత్తాలి. నేను పోతున్నాను.

నీతి: తెలిసింది చెప్పడమే కాదు, తెలియనిది అడగడమూ, చెడిపోయింది చెప్పుకోవడమూ నలుగురికీ మేలే. వింటున్న చోట, చదువుతున్న చోట మీ మాట కూడా కలపండి.