మొగలిలంక కేకలమ్మ తల్లి

మొగలిలంక రేవులో పడవ దిగి ఏటిగట్టు ఎక్కగానే ఎడమచేతి వైపు కనిపించే చిన్న గుడే కేకలమ్మ తల్లి సన్నిధి. లోపల మూడడుగుల నల్లరాయి. దానికి కళ్ళు లేవు, చేతులు లేవు. తెరిచిన నోరు మాత్రం ఉంది. ఈ గుడిలో మనసులో మొక్కుకునే ఆచారం లేదు. ఏ భయంతో వచ్చారో పక్కవారికి వినపడేలా కేక వేసి చెప్పుకోవాలి. పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు మొదట సిగ్గుపడతారు. గట్టుకు ఇవతల ఊరు, అవతల ఊరికంటే ఎత్తులో గోదావరి నీళ్ళు చూశాక ఆ సిగ్గు దానంతటదే పోతుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టు మీద ఒక పేరులేని రాయి ఉండేది. పడవ ఎక్కేవారు దానికి పసుపు రాసి వెళ్ళేవారు. ఆ రోజుల్లో ఊళ్ళో తాయారు అనే పిల్లకు ఐదేళ్ళు నిండినా మాట రాలేదు. తల్లి పిల్లను రాయి ముందు కూర్చోబెట్టి, “అమ్మా, దీనికి గొంతియ్యి. నీ గట్టు కోసం, నీ ఊరి కోసం వాడుద్ది” అని మొక్కుకుంది. మూడోనాడు పిల్ల వేసిన మొదటి కేకకు అవతలి రేవులో పడవవాడు తెడ్డు వదిలేశాడట.

తాయారమ్మగారిని పైకి తెచ్చింది ఆ గొంతే. ముందు బడిలో పంతులమ్మగా, తర్వాత పంచాయతీ ప్రెసిడెంటుగా పనిచేసి, చివరకు మైకు లేకుండా ఊరూరా ప్రచారం చేసి శాసనసభకు గెలిచారు. అప్పట్లో సభలో ఆడవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆవిడ గెలిచిన రెండో ఏట మంత్రిగారి బంధువొకరు ఈ గట్టు మరమ్మతు చేయించారు. బంకమట్టి పోయవలసిన చోట ఇసుక పోశారు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది ఇంజనీర్లు కారు, గేదెలు కాసుకునే పోలయ్య.

“అమ్మగారూ, రాయికాడ గేదెలు గట్టు తొక్కట్లేదండి. కొట్టినా దిగిపోయి పొలంలోంచి నడుత్తన్నాయండి. లోపల నీరు కదుల్తందండి” అన్నాడు.

తాయారమ్మగారు స్వయంగా వెళ్ళి గట్టుకు చెవి ఆనించారు. లోపల ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు వినిపించింది. వెంటనే సభలో అడగడానికి ప్రశ్న పంపారు. ప్రశ్న వచ్చే రోజు ఉదయమే సొంత పార్టీ పెద్ద ఒకాయన వచ్చారు.

“మన మంత్రినే నిలదీస్తారా తాయారమ్మగారూ? స్పీకరుగారు పేరు పిలిచినప్పుడు మీరు లేవకండి, చాలు. ప్రశ్న పోతుంది. లేచారో, వచ్చేసారి టిక్కెట్టు సంగతి మరిచిపోండి.”

స్పీకరుగారు రెండుసార్లు పిలిచారు. ఆవిడ లేవలేదు. దాచడం ఎందుకు, భయపడ్డారు.

ఆ మధ్యాహ్నం కునుకు పట్టగానే కలలో ఒక తడిసిన ముసలామె మంచం పక్కన నిలబడింది. నోట్లోంచి బురద కారుతోంది. “పిలిస్తే పలకలేదేం? నీకు అక్కర్లేనప్పుడు నాది నాకిచ్చెయ్యి” అంది. తాయారమ్మగారు ఉలిక్కిపడి లేచి మంచినీళ్ళు అడగబోయారు. గొంతు పెగల్లేదు. డాక్టర్లు చూసి, లోపమేమీ లేదన్నారు.

శ్రావణంలో వరద వచ్చింది. వానలో మిట్టమధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకుని అన్నాలు తింటోంది. తాయారమ్మగారు ఒక్కరే గట్టు మీద ఉన్నారు. రాయి పక్కన, ఊరివైపు, వేలెడు లావు బురదనీరు బయటికి వచ్చింది. చూస్తుండగానే అది పిడికిలంత అయింది. నూట నలభై ఇళ్ళు కింద ఉన్నాయి. పరుగెత్తి చెప్పేంత వ్యవధి లేదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

రాయిని వాటేసుకుని, ఒక్క కేక ఇమ్మని మనసులో మొక్కుకున్నారు. అమ్మ పలకలేదు. మళ్ళీ మొక్కుకున్నారు. కాళ్ళ కింద మట్టి జారింది. అప్పుడు, గొంతు చీలి నెత్తురు వచ్చినా సరే అని, “భయపడ్డానమ్మా!” అని పైకే అనబోయారు. కేక లేచింది. అది ఆవిడ నోటి నుంచి వచ్చిందో, రాతిలోంచి వచ్చిందో ఊళ్ళో నేటికీ తేలలేదు. ఆ కేకకే మా అమ్మ విస్తరి ముందు నుంచి లేచి, నెలల బిడ్డనైన నన్ను చంకనేసుకుని బడి మేడ ఎక్కింది. ఊరంతా ఎక్కింది. పోలయ్య ఒక్కడు గేదెల పలుపులు విప్పుతూ ఉండిపోయి, గట్టు తెగిన నీటిలో కొట్టుకుపోయాడు.

నీరు తీశాక చూస్తే రాయికి నోరుంది.

తాయారమ్మగారికి మళ్ళీ మాట రాలేదు. అయినా సభకు వెళ్ళారు. రోజూ ప్రశ్నల సమయం మొదలుకాగానే లేచి, అది ముగిసేదాకా నిలబడేవారు. కూర్చోమనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఏడాది తిరగకుండా రాతికట్టుతో కొత్త గట్టు లేచింది. టిక్కెట్టు వారివ్వలేదు, ఆవిడ అడగలేదు. పోయేదాకా ఈ గుడి ఊడ్చుకుంటూ ఉన్నారు.

ఇక్కడ కేక వేసి చెప్పుకున్నవారి భయాన్ని తల్లి తీరుస్తుంది. మాట రాని పిల్లలకు మాటలొచ్చిన దాఖలాలు అనేకం. ఈ ప్రాంతం నుంచి శాసనసభకు గెలిచినవారు ముందుగా ఇక్కడికి వచ్చి, గట్టు మీద నిలబడి పోలయ్య పేరు కేక వేయాలి. అవతలి రేవులో పడవవాడు విని చెయ్యెత్తితేనే మొక్కు చెల్లినట్టు.

ఈసారి గెలిచినావిడ ఇంకా రాలేదు. ఈ పుస్తకం అచ్చుకు ఇస్తున్న వారంలో గేదెలు గుడి దగ్గర గట్టు దిగి పొలంలోంచి నడుస్తున్నాయి. ఆవిడను ఎరిగిన భక్తులు దయచేసి చెప్పండి. నేను రోజూ కేక వేస్తూనే ఉన్నాను.