బొట్టుగాడికి పెట్టిన బంగారు చేపలు

అనగనగనగా, గోదారి వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఒక రేవు ఊరు ఉండేదమ్మా. ఆ ఊళ్ళో మాణిక్యం అని తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న వెంకటరత్నం పడవల ఇంజన్లు బాగుచేసేవాడు.

వాళ్ళింట్లో పెద్ద గాజుతొట్టి. అందులో ఒకే ఒక్క ఆస్కార్ చేప. నల్లటి ఒళ్ళు, తోక మొదట్లో బొట్టు పెట్టినట్టు ఎర్రటి మచ్చ. అందుకని దాన్ని బొట్టుగాడు అని పిలిచేవాళ్ళు. మాణిక్యం బడినుంచి రాగానే గాజుకి మూతి ఆనించి తోక ఆడించేవాడు.

అప్పుడొకరోజు చేపల కొట్లో మాణిక్యానికి చిట్టిచిట్టి గోల్డ్‌ఫిష్ పిల్లలు కనిపించాయి. "ఇవి పెట్టు పాపా, బాగా బలుస్తాడు" అన్నాడు కొట్టతను. పెడితే గుటుక్కున మింగాడు బొట్టుగాడు. ఆ తర్వాత రోజూ తినే గుళికల మేత ముట్టలేదు. మూడునెలలు రోజూ ఆ బంగారు చేపలే.

ఆ తర్వాత ఒకనాడు తిండి వద్దన్నాడు. మర్నాడు ఒక పక్కకి ఒరిగిపోయాడు. మూడోనాడు గిర్రున తిరిగి తిరిగి, గాజుకి కొట్టుకుని, అడుక్కి జారి పడుకున్నాడు.

మాణిక్యం నీళ్ళు మార్చింది. లేవలేదు. ఉప్పు వేసింది. లేవలేదు. కొట్టతనిచ్చిన నీలంమందు పోసింది. అప్పుడు బొట్టుగాడు ఒక్కసారి ఎగిరిపడి, మళ్ళీ అడుక్కి పోయాడు. మొప్పలు మాత్రం మెల్లగా కదులుతున్నాయి.

"తల్లీ, ఆ బాధ నేను చూడలేను. గోదాట్లో వదిలేసొస్తాను" అన్నాడు వెంకటరత్నం.

"సాయంత్రందాకా ఆగు నాన్నా!" అని మాణిక్యం చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

ఎక్కడికో తెలుసా? ఊరిచివర చేపపిల్లల్ని పెంచే నూకాలమ్మ దగ్గరికి. ముప్పై ఏళ్ళుగా ఆవిడకి అదే పని. మాణిక్యం రొప్పుతూ అంతా చెప్పింది.

"అవన్నీ సరే. వాడికి ఏం పెడుతున్నావు?" అంది నూకాలమ్మ.

"మంచివే మామ్మగారూ! గోల్డ్‌ఫిష్‌లు. రోజూ అవే."

నూకాలమ్మ చేతిలో వల కింద పెట్టేసింది. "అయ్యో పిచ్చితల్లీ! ఆ చేపల ఒంట్లో ఒక పాడు పదార్థం ఉంటుంది. అది బీ-వన్ విటమిన్ని తినేస్తుంది. ఎప్పుడో ఒకటి తింటే పరవాలేదు. రోజూ అవే తింటే నరాలు పట్టు తప్పుతాయి."

మాణిక్యం మొహం పాలిపోయింది. "అయితే నేనే చంపుతున్నానా?"

"తెలీక పెట్టావు. ఇంకా ఊపిరుందిగా, పద!"

దారిలో మందులషాపులో బీ-వన్ మాత్రలు తీసుకున్నారు. వీళ్ళు వెళ్ళేసరికి సాయంత్రమైపోయింది. గోదాట్లో వదలడానికి వెంకటరత్నం చేపని బకెట్లోకి దించేశాడు. మాణిక్యం కెవ్వుమంది.

నూకాలమ్మ మాత్ర నూరి, నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజిలోకి లాగింది. తడిచేత్తో బొట్టుగాడి నోరు తెరిచింది. మొదటిసారి కక్కేశాడు. రెండోసారీ కక్కేశాడు. మూడోసారి మాణిక్యం వాడి పొట్టకింద చెయ్యి పెట్టి కదలకుండా పట్టుకుంది. మందు లోపలికి పోయింది.

వాణ్ణి తిరిగి తొట్టిలో వేసి, అలా రోజూ పట్టారు. నాలుగోనాటికి రెక్క కదిలింది. వారానికి బొట్టుగాడు అడుగు వదిలి పైకి లేచాడు.

అప్పుడు మాణిక్యం, "మురిక్కాలవలో గప్పీ చేపలున్నాయి, తెచ్చి పెట్టనా?" అంది.

"గప్పీల్లో ఆ దోషం లేదు. కానీ మురుగులోవి రోగాలు తెస్తాయి. మా తొట్టెలోవి ఇస్తాను, ఇంట్లోనే పెంచుకో. వాటికి ముందు నువ్వు మంచి తిండి పెట్టు. అవి కూడా ఎప్పుడైనా ఒకటి. మిగతా రోజులు గుళికలు, వానపాములు" అంది నూకాలమ్మ.

మాణిక్యం మొదటి గప్పీని తొట్టిలో వదిలింది. బొట్టుగాడు చూశాడు. కదల్లేదు. ఇంకాస్త చూశాడు. అప్పుడు గబుక్కున ముందుకొచ్చి పట్టేశాడు! వెంకటరత్నం అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

బొట్టుగాడు చాలా ఏళ్ళు బతికాడమ్మా. ఒళ్ళు మాత్రం పూర్తిగా నిలబడలేదు, కొంచెం ఒరిగే ఈదేవాడు. మాణిక్యం కూడా వాడితో మాట్లాడేటప్పుడు తల అటే వాల్చేది. "మెడ పట్టేస్తుందే!" అనేది వాళ్ళమ్మ. "వాడికి నేను తిన్నగా కనపడాలిగా" అనేది మాణిక్యం.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో కునుకు దారి పట్టింది.
బొట్టుగాడు తొట్టిలో,
బుజ్జిపాప దుప్పట్లో!