రాయి లోపల పది నిమిషాలు

గోడకు కన్నం ఉందనుకోండి. అందులోంచి దూరి వెళ్లినవాడిది తప్పా, కన్నం వదిలేసిన మేస్త్రీది తప్పా? ఆగండి పిల్లలూ, అందరూ ఒక్కసారే అరవకండి. చేతులు దించండి. ఈ ప్రశ్న నాది కాదు, సువర్చలది.

సువర్చల నంద్యాలలో మాణిక్యరావు మాస్టారి దగ్గర ఆన్‌లైన్ ఆటలు నేర్చుకునేది. ఆయన అలవాటేమిటంటే, ఏదడిగినా జవాబు చెప్పరు, ఒక పని చెబుతారు. ఆమె ఆడేది బాణాల ఆట. ఇద్దరే ఆడతారు. పది నిమిషాల్లో ఎవరి బాణాలు ఎదుటివాళ్లకు ఎక్కువ తగిలితే వాళ్లు గెలిచినట్టు. ఆ మైదానంలో రెండు వైపులా ఒక్కొక్క బండరాయి ఉంది. రాయిని ఆనుకుని, వంగి గెంతితే మనిషి అందులోకి దూరిపోతాడని సువర్చల కనిపెట్టింది. లోపలి నుంచి బాణం బయటికి పోతుంది, బయటి బాణం లోపలికి రాదు. ఆట తయారుచేసినవాళ్ల పొరపాటది. గ్లిచ్ అంటారుట, మీకు నాకన్నా బాగా తెలుసు.

మర్నాడే జిల్లా ఫైనల్. రాష్ట్ర జట్టులో జిల్లాకు ఒక్కరికే చోటు. వచ్చే ఏడాదికి సువర్చలకు వయసు దాటిపోతుంది.

“మాస్టారూ, రాయిలోకి దూరకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. దూరితే తప్పా?” అని అడిగింది.

“వెళ్లి నస్రీన్‌కు చెప్పు,” అన్నారాయన. నస్రీన్ అంటే ఫైనల్లో ఆమెతో ఆడబోయే అమ్మాయి.

సువర్చల చాలా గింజుకుంది. చివరికి ఆటకు ముందు వెళ్లి, ఎలా వంగాలో ఎలా గెంతాలో అన్నీ చెప్పింది.

“ఇది నాకెందుకు చెప్తున్నావక్కా?” అంది నస్రీన్, అనుమానంగా.

“ఏమో, మా మాస్టారు చెప్పమన్నారు.”

ఆట మొదలైంది. ఇద్దరూ పరుగెత్తుకెళ్లి చెరో రాయిలో దూరారు. ఒక నిమిషం గడిచింది, ఐదు గడిచాయి. బాణాలు రాళ్లకు తగిలి రాలిపోతున్నాయి. ముందు బయటికొచ్చినవాళ్లకే దెబ్బ.

“నువ్వు రా అక్కా, నీ వెనకే నేనూ వస్తా,” అంది పక్క బల్ల దగ్గర్నుంచి నస్రీన్.

“ఎంత తెలివమ్మా నీకు! నువ్వే రా.”

చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో, “ఆడుతున్నారా, అద్దెకు దిగారా?” అని అరిచారు.

పది నిమిషాలూ అయిపోయాయి. సున్నాకు సున్నా. నిర్వాహకులు కాసేపు తలలు గోక్కుని, బొమ్మా బొరుసూ వేశారు. చోటు నస్రీన్‌కు వెళ్లింది. ఆ పిల్లకు నవ్వాలో మానాలో తెలియలేదు.

సువర్చల కళ్లనీళ్లతో వచ్చింది. “చెప్పకపోతే నేనే గెలిచేదాన్ని. చెప్పి పోగొట్టుకున్నాను. చెప్పడం తప్పా మాస్టారూ?”

“చెప్పమన్నాను,” అన్నారు మాణిక్యరావు. “దూరమన్నానా?”

“బయటికొస్తే కొట్టేసేది కదా!”

“కొట్టేదేమో,” అన్నారాయన. అంతే.

అలా చూడకండి నావైపు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ ఒక్క మాటకు అర్థం బోర్డు మీద రాయమంటే రాయలేను. ఒకరోజు ఆయన సువర్చలకు అన్యాయం చేశారనిపిస్తుంది, ఇంకోరోజు కాదేమో అనిపిస్తుంది. మీరు ఆలోచిస్తూ ఉండండి. చిక్కుళ్లకు సగం ఈనెలే తీసి వదిలేశాను, వెళ్లొస్తా.