తెల్లబడిన నూకాలు

అనగనగా ఒక రేవు. ఏడాది పొడుగునా అక్కడ ఉక్క, చెమట, తడిగాలి. ఆ రేవులో ఒక బెల్లం కొట్టు, కొట్టు నిండా బొద్దింకలు. మొహం చిట్లించకండి పిల్లలూ, వాటికీ ఒక కథ ఉంది.

ఒకనాడు షావుకారు బెల్లమంతా ఓడకెక్కించి కొట్టుకు తాళం వేసేశాడు. బొద్దింకలకు తిండి కరువైంది. పక్కనున్న వంటింటికి పోదామంటే రెండే దారులు. తూము దారి చుట్టు, పైగా ఒకటే బురద. గోడ దారి దగ్గరే, కానీ అక్కడ బల్లి కాపురం.

సరిగ్గా అప్పుడే నూకాలు అనే బొద్దింకకు పాత పెంకు ఊడింది. లోపల్నించి పాలలా తెల్లటి ఒళ్లు బయటపడింది, ముట్టుకుంటే నలిగేంత మెత్తగా. వాళ్లలో ఎవరికి పెంకు ఊడినా చాటున దాక్కుంటారు. ఈ గతి తమకొక్కరికే పట్టిందని సిగ్గుపడి, మళ్లీ రంగొచ్చేదాకా కిక్కురుమనరు. నూకాలూ దాక్కునేదే. కానీ ఆకలి ఆగనిచ్చిందా? పాపం, బయటికొచ్చేసింది.

"ఓలమ్మో! అమ్మోరు తల్లి!" అంటూ ముసలి బొద్దింక పాపయ్య తాత సాగిలపడ్డాడు. అతని వెనకే అందరూ.

నూకాలు "నేను..." అనబోయింది. ఈలోగా దాచుకున్న ఆఖరి బెల్లం ముక్క తెచ్చి ముందు పెట్టారు. తినేసింది.

మళ్లీ నోరు తెరవబోతే, తల్లులు పసిబిడ్డల్ని తెచ్చి కాళ్ల దగ్గర పడేశారు. ఇప్పుడు నిజం చెబితే బతకనిస్తారా? మీసాలతో బిడ్డల తలలు నిమిరి ఊరుకుంది.

"అమ్మోరుండగా మనకి తూమెందుకు? గోడ మీంచే పోదాం. నువ్వు ముందు నడు తల్లీ, నిన్ను బల్లి తాకుతుందా!" అన్నాడు తాత.

నూకాలు నడిచింది. వెనక బిడ్డాపాపలతో అందరూ. గోడ అంచు వచ్చింది. దూలం చాటున బల్లి తోక కదిలింది. అయ్యో, నా సిగ్గు కోసం ఇంతమందినీ దాని నోట్లో వేస్తానా?

"ఆగండి!" అని మూడోసారికి నోరు తెరిచి అరిచేసింది. "నేను అమ్మోర్ని కాను, నూకాలుని. పెంకు ఊడి తెల్లబడ్డాను, అంతే. బల్లి ముందు నన్ను మింగుతుంది, తర్వాత మిమ్మల్ని!"

"ఎంత మోసం!" అంటూ కొందరు మీద పడబోయారు. అంతలో గోడ మీద వాలిన రెక్కల పురుగును బల్లి గుటుక్కున మింగేసింది. మీద పడబోయినవాళ్లంతా గబగబా వెనక్కి జరిగారు.

పాపయ్య తాత తల దించుకున్నాడు. "అమ్మాయ్, నాకూ ఊడింది పెంకు. ఒకసారా, రెండుసార్లా? ప్రతిసారీ గోనెల వెనక దాక్కున్నాను. నాదేమో రోగమనుకున్నాను, నీది మహిమనుకున్నాను."

"నాకూ ఊడింది," అంది ఒక తల్లి. "నాకూనూ," అంది ఇంకొకటి.

ఆపైన బురదలో జారుతూ, తిట్టుకుంటూ, తూము దారినే వంటింటికి చేరారు. నూకాలు ఒళ్లు ఇంకా మెత్తగానే ఉందని మధ్యలో పెట్టుకుని నడిపించారు. ఒక్క ప్రాణమూ పోలేదు.

కాబట్టి పిల్లలూ, మనకు లేని గొప్పను ఎవరైనా అంటగడితే ఊరుకోకూడదు, మనల్ని నమ్మి వెంట వచ్చినవాళ్లే దానికి బలైపోతారు.