బుర్రా వారి గుమ్మడి దెయ్యం

ఈతలంకలో తెలివి పంచిపెట్టిన రోజున బుర్రా వారి ఇంటిల్లిపాదీ అందరికన్నా ముందు వరసలో నిలబడ్డారట. ఈ సంగతి వాళ్ళే చెప్పుకుంటారు. నిలబడ్డ మాట నిజమే అయివుండొచ్చు, గిన్నె తీసుకెళ్ళడం మరిచిపోయారని ఊళ్ళో మిగతావాళ్ళు అంటారు. ఇంటిపేరే బుర్రా కాబట్టి తమ తెలివికి వేరే సాక్ష్యం అక్కర్లేదని బుర్రా వారి నమ్మకం.

ఇంట్లో ఉండేది ముగ్గురే. గవర్రాజు, అతని భార్య వీరవేణి, తమ్ముడు దొరబాబు. గవర్రాజుది టెంట్ హౌసు. దొరబాబు పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. వీరవేణి ఆ ఇద్దర్నీ చూసి మురిసిపోతూ ఉంటుంది. ఒకసారి పెరట్లో ఆరేసిన షామియానా వానకి తడుస్తోందని దాని మీద ఇంకో షామియానా కట్టాడు గవర్రాజు. రెండోది తడుస్తోందని మూడోది కట్టాడు. ఇంత ముందుచూపున్న మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఆవిడ ఆ రోజంతా పొంగిపోయింది.

ఆవిడ అన్నగారు పట్టాభి మాత్రం పొంగలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క సినిమా హాలూ ఆయనదే. రెండేళ్ళ కిందట కొత్త ఇంటి గృహప్రవేశానికి, ఎండ పడకుండా ముందంతా కప్పెయ్యమని బావగారికి చెప్పాడు. గవర్రాజు కప్పేశాడు. గుమ్మంతో సహా కప్పేశాడు. వచ్చిన చుట్టాలు ఇంటి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, దారి దొరక్క వెళ్ళిపోయారు. లోపల నాలుగొందల మంది వంట మిగిలిపోయింది. ఆ రోజు పట్టాభి చెల్లెల్ని పిలిచి, నీ మొగుడికి బుర్ర ఉందని ఊళ్ళో నలుగురు అన్నాక రండమ్మా, అందాకా నా గడప తొక్కొద్దు అనేశాడు. అంతే, రెండేళ్ళు గడిచిపోయాయి. నాలుగు వీధుల అవతల పుట్టిల్లు పెట్టుకుని వెళ్ళలేకపోవడం వీరవేణికి ఏడుపు తెప్పించేది. కూరలకి వెళ్ళినప్పుడు ఆ ఇంటి ముందు నుంచి తల తిప్పుకుని నడిచి, మూడుసార్లు కరెంటు స్తంభానికి గుద్దుకుంది.

ఆ నలుగురి చేతా అనిపించుకునే దారి చివరికి గవర్రాజుకే తట్టింది. కాలేజీ పిల్లలు హాలోవీన్ అని ఏదో పండగ చేసుకుంటామంటూ అతని దగ్గర తెల్లబట్టలూ సీరియల్ లైట్లూ అద్దెకి తీసుకున్నారు. వెళ్ళి చూస్తే అందరూ దెయ్యాల వేషాల్లో ఉన్నారు. గుమ్మడికాయకి కళ్ళూ నోరూ కోసి లోపల దీపం పెట్టారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు భయపడుతున్నారు, భయపడి నవ్వుతున్నారు. ఇంకేముంది, దీన్నే సినిమా తీద్దామన్నాడు గవర్రాజు. హీరో తనే. దెయ్యం వీరవేణి. కెమెరా దొరబాబు. తెల్లబట్టలూ లైట్లూ ఇంట్లోనే ఉన్నాయి, కొనాల్సింది గుమ్మడికాయ ఒక్కటే.

సినిమావాళ్ళ పద్ధతులు దొరబాబుకి తెలుసు. షూటింగు మొదలెట్టేటప్పుడు కొబ్బరికాయ కొడతారు, అయిపోయాక గుమ్మడికాయ కొడతారు. ఆ ప్రకారమే మొదటిరోజు కొబ్బరికాయ కొట్టారు. మూడోరోజు హీరో దెయ్యానికి భయపడి అటకెక్కి దాక్కునే సీను తీస్తున్నారు. దెయ్యం కింద గుమ్మడికాయ పట్టుకుని తిరుగుతోంది. లోపలి దీపం సెగకి చెయ్యి కాలి, వీరవేణి కాయ వదిలేసింది. కాయ పగిలింది. 

"గుమ్మడికాయ పగిలింది కదన్నయ్యా. షూటింగు అయిపోయినట్టే," అన్నాడు దొరబాబు.

అంతే, గవర్రాజు అటక దిగొచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. పెద్ద పెద్దవాళ్ళే ఏళ్ళ తరబడి తీస్తారు, మనం మూడు రోజుల్లో ముగించామని పులిహోర వండుకుని తిన్నారు. కథలో హీరో అటక మీదే ఉండిపోయాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

వీరవేణి అన్నగారికి కబురు మీద కబురు పంపింది. హాలు ఎలాగూ ఈగలు తోలుకుంటోంది, పైగా ఎంత కాదన్నా తోడబుట్టింది. పట్టాభి మెత్తబడ్డాడు. ఆదివారం మ్యాట్నీ ఉచితంగా వేస్తాను, చూసినవాళ్ళు ఏమన్నారో రాసుకుని వాళ్ళన్నట్టే మార్చండి, పై ఆదివారం మళ్ళీ వేస్తాను, అప్పుడు జనం చివరిదాకా కూర్చుని బాగుందంటే వారం రోజులు ఆడిస్తాను, మీరు ముగ్గురూ దర్జాగా మా ఇంటికి భోజనానికి రావచ్చు అన్నాడు. చూసినవాళ్ళు అన్నట్టే చెయ్యాలి, అంతేనా అని గవర్రాజు మళ్ళీ అడిగాడు. అంతే అన్నాడు పట్టాభి. ఆ మాట అన్నందుకు ఆయన తర్వాత చాలా కాలం బాధపడ్డాడు.

మొదటి ఆదివారం ఉచితమనేసరికి హాలు నిండింది. పావుగంటకి సగమైంది. దొరబాబుకి పెళ్ళిళ్ళు తీసిన అలవాటు కదా, దెయ్యం తెర మీదికి రాగానే కెమెరా పక్కకి తిప్పి, షూటింగు చూడ్డానికి ఎవరెవరు వచ్చారో ఒక చుట్టు చూపించాడు. నలభై నిమిషాల సినిమాలో పది నిమిషాలు అలా వచ్చినవాళ్ళకి పెట్టిన భోజనాలే. వీరవేణి గుమ్మం దగ్గర నోటుపుస్తకంతో నిలబడి, బయటికి వచ్చినవాళ్ళనల్లా అడిగి రాసుకుంది. బాగుందన్నవాడు ఒక్కడూ లేడు. రాస్తుంటే కళ్ళనీళ్ళు పడి అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా ఒక్క ముక్క వదల్లేదు.

మర్నాడు మళ్ళీ కొబ్బరికాయ కొట్టి, నోటుపుస్తకం ముందు పెట్టుకుని సరిచెయ్యడం మొదలెట్టారు. కొత్త గుమ్మడికాయ పగిలితే షూటింగు ఆగిపోతుందని దాన్ని పరుపులో చుట్టి తాళ్ళు కట్టారు. దెయ్యం ఈసారి పరుపు మోసుకుంటూ తిరిగింది.

చీకట్లో ఏమీ కనపడలేదని ఒకాయన అన్నాడు. నిజమే కదా అని, చీకటి సీన్లన్నీ మిట్టమధ్యాహ్నం డాబా మీద తీశారు. చుట్టూ ట్యూబులైట్లు కూడా వెలిగించారు. మాటలు మాత్రం మార్చలేదు. అబ్బ, కళ్ళు పొడుచుకున్నా కానరావడం లేదంటూ హీరో ఎండలో టార్చిలైటు వేసుకుని తడుముకున్నాడు.

దెయ్యం మొహంలో భయమే లేదని కిరాణాకొట్టు ఆవిడ అంది. తప్పు తనదేనని వీరవేణి ఒప్పుకుంది. ఎంత ప్రయత్నించినా మొగుణ్ణి చూస్తే ఆవిడకి భయం రావడం లేదు. దొరబాబు సంతకి వెళ్ళి బతికున్న పీతని తెచ్చి వదిన కాళ్ళ దగ్గర వదిలాడు. ఇంకేముంది, దెయ్యం కెవ్వుమని వీధిలోకి పరుగెత్తింది. పీతని పట్టుకుని హీరో దెయ్యం వెనకాల పరుగెత్తాడు. మొహంలో భయం ఎంత బాగా పడిందంటే, ఆ ముక్క నాలుగుసార్లు అతికించారు.

సినిమా ఉప్పు లేని పప్పులా ఉందని పోస్టుమాస్టరుగారు అన్నారు. గవర్రాజు ఆశ్చర్యపోయాడు. ఆ రోజు భోజనాల్లో పప్పులో ఉప్పు మరిచిపోయిన సంగతి తెర మీద చూసే పసిగట్టిన ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టాడు. అందరినీ మళ్ళీ పిలిచి, విస్తరి విస్తరిలోనూ ఉప్పు వడ్డించి, దగ్గరగా తీశారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కొచ్చింది భయం, నవ్వు దగ్గర. సగం మంది భయం సరిపోలేదన్నారు, సగం మంది నవ్వు సరిపోలేదన్నారు. గవర్రాజు ఒక పూటంతా అన్నం మానేసి ఆలోచించాడు. సమస్య వీడిపోయింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళి, హాలు మధ్యలో వెనక గోడ నుంచి తెర దాకా నిలువునా షామియానా గుడ్డ కట్టేశాడు. భయం కావాల్సినవాళ్ళు ఎడమవైపు, నవ్వు కావాల్సినవాళ్ళు కుడివైపు కూర్చోవాలి. ఎడమవైపు వాళ్ళకి తెరలో ఎడమ సగం కనపడుతుంది, కుడివైపు వాళ్ళకి కుడి సగం. ఎక్కడ నవ్వాలో తెలియలేదని కూడా ఒకాయన అన్నాడు కాబట్టి, కుడివైపు తెర కింద దొరబాబు కంచం, గరిటె పట్టుకుని కూర్చున్నాడు. కంచం మోగినప్పుడు నవ్వాలి.

రెండో ఆదివారం ఆట మొదలైంది. ఎడమవైపు వాళ్ళకి పరుపు పట్టుకున్న దెయ్యం ఎవరూ లేని చోట ఎవరినో తిడుతూ కనపడింది. కుడివైపు వాళ్ళకి ఒక మనిషి ఏమీ లేనిదాన్ని చూసి దణ్ణాలు పెడుతూ, ఎండలో టార్చిలైటు వేస్తూ కనపడ్డాడు. దెయ్యం కుడివైపుకి పరుగెత్తితే ఎడమవాళ్ళకి మాయమయ్యేది. ఏమైందో చూడాలని వాళ్ళు గుడ్డ కిందనుంచి తలలు దూర్చారు. కుడివాళ్ళు ఇటు దూర్చారు. నడుమ నెత్తీ నెత్తీ గుద్దుకున్నాయి. ఎడమవైపు పెద్దమనిషి ఒకాయన పుక్కున నవ్వాడు. గవర్రాజు వెంటనే వెళ్ళి, మీరు నవ్వారు, ఇక్కడ నవ్వకూడదండీ, అటు దయచెయ్యండి అని ఆయన్ని కుర్చీతో సహా అవతలికి మోయించాడు. అది చూసి పక్కవాళ్ళు నవ్వారు. వాళ్ళనీ మోయించాడు. పీత వచ్చేసరికి ఎడమవైపు ఒక్క చెవిటి తాతగారే మిగిలారు. కుడివైపు జనం ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుని, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నిజానికి వాళ్ళు సినిమాని చూసి నవ్వుతున్నారా, గవర్రాజుని చూసి నవ్వుతున్నారా అంటే, ఆ తేడా తెలిసిన మనిషి బుర్రా వారి ఇంట్లో లేడు.

ఎవరూ లేచి వెళ్ళలేదు. వెనక నిలబడ్డ పట్టాభి కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నేళ్ళయిందో తన హాల్లో ఇంత సందడి విని. బావా, ఏం బుర్రయ్యా నీది అని గవర్రాజు వీపు తట్టి, వారం రోజులు ఆడుతుందని పోస్టరు మీద రాయించడానికి పరుగెత్తాడు. ఆ మాట వీరవేణి చెవులారా వింది. అన్నయ్య నోటే వింది. పుట్టింటికి ఏ చీర కట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తూనే, నోటుపుస్తకం తీసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. చూసినవాళ్ళని అడగడం ఆవిడ మానలేదు.

పోస్టుమాస్టరుగారు నవ్వి నవ్వి దగ్గొచ్చి, గోడ పట్టుకుని బయటికొచ్చారు.

"అమ్మాయ్, ఇలాంటి సినిమా జన్మకి ఒక్కసారి చూస్తే చాలమ్మా," అన్నారు.

వెనకున్నవాళ్ళంతా అవునవునన్నారు. వీరవేణి అలాగే రాసుకుని మొగుడికి చూపించింది. ఒక్కసారి చూస్తే చాలట. ఉప్పు సంగతి పసిగట్టిన మనిషి మాట. గవర్రాజు దొరబాబు వంక చూశాడు. చూసినవాళ్ళు అన్నట్టే చెయ్యాలని బావగారు చెప్పనే చెప్పారు. రెండోసారి చూస్తే ఎక్కువైపోతుంది కదా. అంతే, దొరబాబు కెమెరాలోదీ, కంప్యూటర్లోదీ, హాలువాళ్ళకిచ్చినదీ అంతా చెరిపేశాడు.

పట్టాభి తడి ఆరని పోస్టరు పట్టుకుని వచ్చేసరికి ముగ్గురూ చేతులు దులుపుకుంటున్నారు. సంగతి విని ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. రేపటి ఆటకి ఊరంతా వస్తానందిరా అన్నాడు. దానికేముంది బావగారూ, ఖాళీ తెర చూపించండి, చూసినవాళ్ళకి కథ గుర్తుంటుంది, తలుచుకుంటారు అని గవర్రాజు ధైర్యం చెప్పాడు. పట్టాభి పోస్టరు నిలువునా చింపేశాడు.

"ఇంకేం మిగిల్చారు నాకు? రండి, ముగ్గురూ వచ్చి నా నెత్తిన కూర్చోండి," అని అరిచి, ఇంటికి పోయి తలుపు వేసుకుని మంచం ఎక్కాడు.

వీరవేణికి ఒళ్ళు పులకరించింది. రెండేళ్ళ తర్వాత అన్నయ్య నోరారా రమ్మన్నాడు. ఇంటికి వెళ్ళి పట్టుచీర కట్టుకుంది. అయితే అన్నయ్య నెత్తి ముగ్గురికి చాలదే అన్న దిగులు మాత్రం పట్టుకుంది. గవర్రాజు వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాడు. పట్టాభి తల ఏ మూల ఉందో అడుగులతో కొలిచి, బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కాడు. సరిగ్గా ఆ తలకి పైన, అంగుళం తేడా రాకుండా షామియానా వేసి, మూడు కుర్చీలు వేశాడు.

పొద్దుగూకేవేళ వీరవేణి డాబా మీద నుంచి పట్టాభి గది కిటికీ వైపు తల వంచింది.

"అన్నయ్యా, కూర్చున్నాం. నీకేం బరువుగా లేదు కదా," అని అడిగింది.